నీలవ్వ పీటలు

మేదార ఓణి అనే మా ఇరుకు సందులో స్నేహితుల మధ్య ఏదైనా పాత వస్తువు చేతులు మారాలంటే ముందు నీలవ్వ పిండిగిర్నికి వెళ్లాలి. వస్తువును మోసుకెళ్లనక్కర్లేదు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ వెళ్తే చాలు. గిర్ని ముందుగదిలో గోడవారన రెండు పీటలుంటాయి. ఒకటి పనస చెక్కది, వెడల్పుగా, నున్నగా ఉంటుంది. రెండోది చిన్నది, ఒక కాలు పొట్టి కావడం వల్ల కింద ఎప్పుడూ మడత పెట్టిన అట్టముక్క ఒకటి. పెద్ద పీట అమ్మేవాళ్లది, చిన్న పీట కొనేవాళ్లది. ఇద్దరూ కూర్చున్నాక నీలవ్వ మోటారు ఆపి, కనుబొమల మీది పిండిని కొంగుతో తుడుచుకుని, "ఊఁ, ఇప్పుడు పీటలు మార్చుకోండి" అంటుంది.

పీట మారితే మాట మారాలి. అమ్మేవాళ్లు కొనేవాళ్లలా ఆ వస్తువులోని లోపాలన్నీ ఏకరువు పెట్టాలి. కొనేవాళ్లు అమ్మేవాళ్లలా దాని మంచి అంతా చెప్పాలి. ఆఖర్న ఇద్దరూ చెరొక ధర చెప్తారు. సాధారణంగా అవి దగ్గర దగ్గరగానే ఉంటాయి. దూరంగా ఉంటే నీలవ్వ ఒప్పుకోదు. "ఎవరో ఏదో మింగారు, కక్కండి" అంటుంది.

బస్ డిపోలో పనిచేసే సుధక్కకు బాగల్‌కోట బదిలీ అయినప్పుడు ఆమె ఫ్రిజ్ పక్కింటి రేణుక తీసుకుంటానంది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఆ రోజు నేను జొన్నల డబ్బా పెట్టుకుని నా వంతు కోసం మూల నిలబడి ఉన్నాను.

"రేణుతో నేను డబ్బు మాట్లాడతానా అవ్వా! దానికి తోచినంత ఇస్తుంది" అంది సుధక్క.

"తోచినంత అంటే ఎంత?"

"అదే... తోచినంత."

"అంటే అది ఇంటికెళ్లి నిద్ర మానుకుని లెక్కలేసుకోవాలి. తక్కువిస్తే సుధ ఏమనుకుంటుందో, ఎక్కువిస్తే మొగుడేమంటాడో అని. ఫ్రిజ్ నీది, తలనొప్పి దానిదా? తోచినంత ఇయ్యి అనేది ధర కాదే తల్లీ, శిక్ష. లే, పీట మార్చు."

సుధక్క సిగ్గుపడుతూ చిన్న పీట మీదికి మారింది. "తలుపు గట్టిగా తన్నితే గానీ పడదు" అంది. "ఇంకా... గుర్రు పెడుతుంది."

"మీ ఆయన కంటేనా?" అంది రేణుక.

"ఆయన కంటే నయమేలే, ఇది మధ్యమధ్యలో ఆగుతుంది." నవ్వులు తగ్గాక సుధక్క గొంతు కూడా తగ్గింది. "ఒకసారి ఐసు గడ్డకడితే చాకుతో గీకాను. బొక్క పడింది. మళ్లీ గ్యాస్ నింపించాం."

"ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడడిగావు?"

"స్నేహితులు అడగరు" అంది నీలవ్వ. "అడగరు గనకే ఈ పీటలు."

ఆ మాట వెనక ఒక కథ ఉంది. నీలవ్వ తండ్రి పశువుల సంతలో దళారి. అక్కడ బేరమంతా టవల్ కిందే జరుగుతుంది. ఇద్దరూ చేతులు కలిపి, పైన టవల్ కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు మొహాలు తప్ప ఏమీ కనిపించదు. ఆయన ఒక ఏడాది సొంత ఎద్దును చిన్ననాటి స్నేహితుడు యల్లప్పకు అమ్మాడు. ఆ ఎద్దుకు ఒక అలవాటుంది. మంచి ఎండలో సాలు మధ్యలో పడుకుంటుంది, చంపినా లేవదు. ఊరంతటికీ తెలిసిన సంగతే కాబట్టి యల్లప్పకూ తెలుసనుకున్నాడు తండ్రి. స్నేహితుడి ఎద్దు నోరు తెరిచి పళ్లు చూడడం, నాగలి కట్టి చూడడం మర్యాద కాదనుకున్నాడు యల్లప్ప. అబద్ధం ఇద్దరిలో ఎవరూ ఆడలేదు. ఆ వానాకాలం ఎద్దు యల్లప్ప పొలంలో పడుకుంది. అప్పట్నుంచి వాళ్లు ఒకరి వీధిలో ఒకరు నడవలేదు. నీలవ్వ తండ్రి పోయిన రోజు యల్లప్ప వచ్చి, గడప బయట చాలాసేపు నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడట.

"సంతలో టవల్ ఉండాలి" అనేది నీలవ్వ. "అక్కడ పదిమంది దళారులుంటారు. మన మధ్యకు టవల్ ఎందుకొచ్చింది?" ఆ తండ్రి టవల్ గిర్నిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. దాంతో ఆమె మోటారు మీది పిండి దులుపుతుంది.

నీలవ్వ భర్త కల్లప్ప గిర్ని పెట్టిన నాలుగో ఏడాదికే పోయాడు. అప్పటికి ఆమెకు గిర్నిలో తెలిసిందల్లా చిల్లర డబ్బా ఎక్కడుంటుందన్నదే. రాళ్లకు గాట్లు కొట్టడం, మోటారు బెల్టు పట్టా బిగించడం, శనగల తర్వాత గోధుమలు ఎందుకు పోయకూడదన్నది అన్నీ తర్వాత నేర్చుకుంది. ఆడమనిషి గిర్ని తిప్పుతుందా అని ఓణి అంతా దూరం నుంచి చూస్తున్న రోజుల్లో మొదటి డబ్బా తెచ్చినామె ఖైరున్‌బీ, ఎదురు వరసలో ఉంటుంది. తెచ్చింది రెండు సేర్ల జొన్నలు. "పాడైతే పాడవనీ, గంజి కాచుకుంటాను" అందట. ఆ పిండి నిజంగానే పాడైంది. ఖైరున్‌బీ గంజి కాచుకుంది, మర్నాడు మళ్లీ రెండు సేర్లు తెచ్చింది.

ఆ తర్వాత నలభై ఏళ్లు నీలవ్వ పిండి మాట పడలేదు. పిండి జారే చోట అరచెయ్యి పెట్టి నిలబడేది. వేడి తగిలితే గింజ తగ్గించేది. వేడెక్కిన జొన్నపిండికి జిగురు చస్తుందని, తట్టేటప్పుడు రొట్టె అంచులు పగులుతాయని ఆమె లెక్క. "నా పిండిలో ఇంత రాయి దొరికితే ముక్కు కోయించుకుంటాను" అనేది. అది ఓణిలో సామెతలా అయిపోయింది. పిల్లలు పరీక్షల గురించి కూడా "తప్పయితే నీలవ్వ ముక్కు" అని పందెం కాసేవాళ్లు.

ఖైరున్‌బీ ఆ పిండితోనే రొట్టెలు తట్టి బతికింది. ఆమె ఎండురొట్టెలు కాగితంలా ఉంటాయి. హాస్టళ్లకు, భోజనం పెట్టే ఖానావళులకు కట్టలు కట్టి ఇస్తుంది. ఆమె రొట్టె బాగుందంటే "పిండి నీలక్కది" అనేది. నీలవ్వ పిండి బాగుందంటే "ఖైరు చేతిలో పడితే బూడిదైనా రొట్టవుతుంది" అనేది ఈమె.

పోయిన ఏడాది నీలవ్వ కుడి భుజం పట్టేసింది. డబ్బాలు గింజలు పోసే తొట్టి దాకా ఎత్తలేకపోయింది. గిర్ని అమ్మేస్తానంది. హుబ్బళ్లి నుంచి పాత యంత్రాల వ్యాపారి ఒకడు వచ్చి, మోటారు తిప్పి చూసి, తలుపు దగ్గర నిలబడి అందరికీ వినపడేలా ముప్పై అయిదు వేలన్నాడు. ఆ సాయంత్రమే ఖైరున్‌బీ వచ్చింది.

"నాకివ్వు నీలక్కా. కొత్త గిర్నిలో పట్టించుకుంటే నా రొట్టె నా రొట్టెలా రాదు. మా ముందు వసారాలో పెట్టుకుంటాను. ఎత్తడానికి కోడలుంది, దాని భుజాలు చూశావుగా, పహిల్వాన్."

"తీసుకో."

"ఊరికే కాదు."

"ఊరికే ఇస్తానన్నానా? పీటలున్నాయిగా."

ఖైరున్‌బీ దగ్గర ఇరవై ఎనిమిది వేలున్నాయి. ఎవరికీ చెప్పలేదు. కానీ కోడలు ఎవరికో చెప్పింది, ఆ ఎవరో నీలవ్వకు చెప్పారు. వ్యాపారి చెప్పిన ధర ఖైరున్‌బీకి తెలుసు, ఓణి అంతటికీ తెలుసు. నీలవ్వకు ఒక నియమం కూడా ఉంది. స్నేహితుల మధ్య అప్పు పెట్టకూడదు, బేరం కుదిరిన రోజే డబ్బు చేతిలో పడాలి. ఆ నియమం మీద ఎన్నో బేరాలు విరగ్గొట్టిన మనిషి తనకోసం దాన్ని వంచలేదు. అందుకని ఈ బేరం ఎలా కుదురుతుందా అని అందరికీ బెంగే. కుదరకపోతే గిర్ని హుబ్బళ్లి లారీ ఎక్కుతుంది. అది పోతే పోయింది. వాళ్లిద్దరి మధ్య ఏం మిగులుతుందన్నదే అసలు బెంగ.

మధ్యవర్తి ఎవరన్న ప్రశ్న వచ్చింది. నీలవ్వే అమ్మేది కాబట్టి ఇంకొకరు కావాలి. చివరికి పూలమ్మే మల్లక్కను కూర్చోబెట్టారు. మల్లక్కకు డెబ్భై దాటాయి, నోట్లో ఒక్క పన్ను లేదు. "పళ్లు లేనిదానికి రొట్టెతో పని లేదు, ఎవరి వైపూ మొగ్గదు" అని రేణుక తేల్చింది.

శ్రావణం జల్లు. మధ్యాహ్నం కరెంటు పోయే వేళ కాబట్టి గిర్నికి తీరిక. అరుగు మీద పది పన్నెండు మంది ఆడవాళ్లు డబ్బాలతో సహా చేరారు. నేను తలుపు రెక్క వెనక నిలబడ్డాను. మల్లక్క మూడు మూరల పూలు ఒళ్లో పెట్టుకుని కడుతూనే, "ఊఁ, మార్చుకోండే పీటలు" అంది నీలవ్వ గొంతు అనుకరిస్తూ.

ఖైరున్‌బీ పెద్ద పీట మీద కూర్చుంది. నీలవ్వ చిన్న పీట మీద కూర్చుని, అట్టముక్క సర్దుకుని మొదలుపెట్టింది.

"పట్టా జారుతుంది. రెండు రోజులకోసారి బిగించాలి."

"నిజం" అంది ఖైరున్‌బీ.

"తొట్టి అడుగున తుప్పు."

"నిజం."

"మోటారు పాతది. ఇంకో ఏడాది కూడా రాదు. కరెంటు మింగుతుంది."

ఖైరున్‌బీ మోటారు వైపు తిరిగి చూసింది.

"స్టాండు వంగిపోయింది. గిర్ని ఒక పక్కకు ఒరిగి తిరుగుతోంది. రేపో మాపో స్టాండు విరిగి పడినా పడొచ్చు."

ఖైరున్‌బీ లేచింది. అరుగు మీద ఎవరో తాగబోతున్న టీ గ్లాసు అందుకుని, వెళ్లి స్టాండు మీద పెట్టింది. అంచు దాకా ఉన్న టీ కదలకుండా నిలబడింది.

"ఎక్కడ వంగింది నీలక్కా?"

"లోపల."

"లోపలెక్కడ? మోటారు పాతదా? పోయిన ఉగాదికి కొత్తది వేయించలేదూ? నువ్వూ నేనూ కలిసి హుబ్బళ్లి వెళ్లి తేలేదూ? తిరిగొచ్చేటప్పుడు బస్సులో దాన్ని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తొడలు వారం రోజులు నొప్పి. ఆ మోటారు పాతదా?"

నీలవ్వ తల వంచుకుంది.

"నా దగ్గరెంతుందో నీకెవరో చెప్పారు" అంది ఖైరున్‌బీ. గొంతు పెరగలేదు. "దానికి సరిపోయేదాకా లోపాలు అల్లుకుంటూ పోతున్నావు. నలభై ఏళ్లు నీ దగ్గర పట్టించుకున్నాను. ఒక్కసారైనా కూలి ఎగ్గొట్టానా? రేపటికి ఆగమన్నానా?"

"లేదు."

"దానం చెయ్యాలని ఉంటే చెప్పు, శుక్రవారం దర్గా మెట్ల మీద గిన్నె పట్టుకుని కూర్చుంటాను. అక్కడెయ్యి. పీట మీద కూర్చోబెట్టి వెయ్యకు."

ఆమె తల మీది కొంగు సర్దుకుని అరుగు దిగింది. ఒక కాలికి చెప్పు తొడిగింది. రెండో చెప్పు ఎవరి డబ్బా కిందికో జరిగిపోయింది. ఆ డబ్బా ఎవరిదో వాళ్లు కూడా కదిలి ఇవ్వలేదు. మల్లక్క పూలు కట్టడం మానేసింది. అందరం ఆ గడప వైపే చూస్తున్నాం. యల్లప్ప కథ మాకందరికీ తెలుసు.

"ఖైరూ, కూర్చో" అంది నీలవ్వ.

"ఎందుకు, ఇంకా ఏమైనా విరిగాయా?"

"ఇప్పటిదాకా లేనివి చెప్పాను. ఉన్నది చెప్పలేదు."

ఖైరున్‌బీ ఒంటి చెప్పుతో అలాగే నిలబడింది.

నీలవ్వ చిన్న పీట మీంచి లేచి అరుగు మీద ఉన్న మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది. ఆమె అలా చూడడం నేనెప్పుడూ ఎరగను. నీలవ్వ ఎవరినైనా చూస్తే డబ్బాలో ఏముందో చూసినట్టు ఉంటుంది. ఆ రోజు మా మొహాలు చూసింది. ఆమెకేదో కష్టంగా ఉందని మల్లక్కకు అర్థమైంది. "అంత చెప్పలేనిదైతే దాని చెవిలో చెప్పవే. మాకెందుకు? అదిగో, మీ నాన్న టవల్ కూడా ఉంది" అంది.

"టవల్ కింద చెప్పేది కాదు మల్లక్కా. మీరూ తిన్నారు."

ఆమె రాళ్ల మీది మూత విప్పింది. ఎడమ చేత్తోనే విప్పింది. ఖైరున్‌బీ వేలు పట్టుకుని రాయి అంచు మీద ఆనించి మెల్లగా జరిపించింది. ఒక చోట వేలు ఆగింది.

"బీట" అంది ఖైరున్‌బీ.

"పోయిన శ్రావణంలో కనిపించింది. అప్పటికి వెంట్రుకంత. ఎన్నిసార్లు గాట్లు కొట్టినా ఆ అంచు నిలవడంలేదు, రాలుతోంది. పిండిలో ఇసుక పడుతోంది."

ఏడాదిగా మధ్యాహ్నాలు గిర్నిలోంచి టకటకమని ఉలి చప్పుడు ఎందుకంత తరచుగా వినిపించేదో మాకప్పుడు తెలిసింది. మేము ఆమె శ్రద్ధ అనుకుని మెచ్చుకునేవాళ్లం.

"మార్చొచ్చుగా?" అని అడిగింది ఖైరున్‌బీ.

"ఈ రాయి మా ఆయన బండి మీద తెచ్చింది. బండి ఓణిలోకి పట్టకపోతే మలుపు దగ్గర్నుంచి దొర్లించుకుంటూ వచ్చాడు. అదొకటి. ఇంకోటి..." నీలవ్వ ఆగింది. "రాయి మారిస్తే పిండి మారుతుంది. కొత్త రాయి చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో. ఈలోపు నీలవ్వ పిండి పోయిందంటారేమో అని భయపడ్డాను. పోయింది పిండే. నాకు తెలుసు. ముక్కు కోయించుకుంటానని తిరిగినదాన్ని, ఏడాది నుంచి మీకు రాయి పెట్టాను."

జల్లు రేకుల మీద పడుతోంది. నలభై ఏళ్ల పేరు అది. ఆమె నోరు మూసుకుని ఉంటే హుబ్బళ్లి వ్యాపారి ముప్పై అయిదు వేలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. రాయి బీట అతని కంట పడలేదు. ఓణిలో ఆమె పేరు అలాగే ఉండేది.

మొదట నోరు విప్పింది రేణుక. "అయ్యో నా తల్లీ! రొట్టెలో రాయి, రొట్టెలో రాయి అని మా ఆయన రోజూ కంచం తోసేస్తుంటే, నేను జొన్నలమ్మే ఈరన్నను తిట్టని తిట్టు లేదే! పోయిన వారం వాడి తక్కెడ ఎత్తి వాడి మీదికే విసిరాను!"

"నేనూ" అంది ఇంకొకామె. "వాడి దగ్గర మానేసి మార్కెట్‌కు పోతున్నాను ఆరు నెలల్నుంచి."

"నాకేం తెలియలేదబ్బా" అంది మల్లక్క చిగుళ్లు చూపిస్తూ. "పళ్లు లేకపోవడం కూడా ఒక భాగ్యమే."

అప్పుడు నవ్వారు. అందరూ కాదు. చివరింటి బసలింగమ్మ తన డబ్బా ఎత్తుకుని, మారు మాట్లాడకుండా వానలోనే వెళ్లిపోయింది. ఆమె మనవడికి ఆ ఏడాదే ఒక పన్ను విరిగింది. నీలవ్వ ఆమె వెళ్లడం చూసింది, ఆపలేదు.

ఖైరున్‌బీ తొడిగిన చెప్పు విడిచి, లోపలికి వచ్చి పెద్ద పీట మీద కూర్చుంది.

"నా వంతు" అంది. "మంచి చెప్పాలి కదా."

"చెప్పు" అంది మల్లక్క మళ్లీ పూలు అందుకుంటూ.

"మోటారు కొత్తది. నా తొడలే సాక్ష్యం. స్టాండు వంకర లేదు, గ్లాసు ఇంకా అక్కడే ఉంది. ఈ గిర్ని నిదానంగా తిరుగుతుంది, పిండి వేడెక్కదు. ఇంకోటి." ఆమె నీలవ్వ వైపు చూడకుండా రాయి వైపు చూస్తూ చెప్పింది. "దీని ఆసామి ఇంతమందిలో నిలబడి దీని తప్పు చెప్పింది. చెప్పిన తప్పు తప్ప ఇంకో తప్పు ఇందులో లేదని కళ్లు మూసుకుని నమ్మొచ్చు. ఆ సుగుణం హుబ్బళ్లిలో ఏ దుకాణంలోనూ దొరకదు. దానికి ధర వెయ్యాలి."

"దానికి ధర వెయ్యకు" అంది నీలవ్వ.

"పెద్ద పీట మీద ఉన్నది నేను. అమ్మేది నేను. నువ్వు కొనేదానివి, నోర్మూసుకో."

కొత్త రాళ్లు బిగింపుతో కలిపి తొమ్మిది వేలవుతాయని ఇద్దరికీ తెలుసు. ముప్పై అయిదులోంచి అవి పోవాలి. ఖైరున్‌బీ ఇరవై ఏడన్నది. నీలవ్వ ఇరవై అయిదన్నది. ఈసారి అబద్ధం లేదు కాబట్టి రెండూ దగ్గర దగ్గరగానే వచ్చాయి.

"ఇరవై ఆరు. నా పళ్ల మీద ఒట్టు" అంది మల్లక్క.

ఖైరున్‌బీ ఇంటికెళ్లి డబ్బు తెచ్చి నీలవ్వ కొంగులో పోసింది. ఆమె దగ్గర రెండు వేలు మిగిలాయి. రాళ్లకు ఇంకా ఏడు కావాలి. ఆ రాళ్లు నువ్వే కొనివ్వచ్చు కదా అని నీలవ్వను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అది మళ్లీ మొదటికే వచ్చేది. గిర్నిని నలుగురు మనుషులు ఎదురు వసారాలోకి దించారు. అక్కడ అది మూత వేసుకుని, వానాకాలం వెళ్లేదాకా కదలకుండా కూర్చుంది. ఖైరున్‌బీ కోడలితో కలిసి వేకువనే లేచి రెట్టింపు రొట్టెలు తట్టింది. ఓణి అంతా గొడుగులు పట్టుకుని లైన్ బజార్ దాటి వేరే గిర్నికి నడిచింది. నడిచేటప్పుడు కొందరు నీలవ్వను తిట్టుకున్నారు. రేణుక ఈరన్న దగ్గరికి వెళ్లి, విసిరిన తక్కెడకు పరిహారంగా నెల జొన్నలు ఒక్కసారే కొంది. అతను ధర రెండు రూపాయలు ఎక్కువేశాడట. ఆమె బేరమాడలేదు.

నీలవ్వ ఆ రోజుల్లో రోజూ సాయంత్రం బసలింగమ్మ గుమ్మం ముందు నుంచే నడిచేది. అటు వెళ్లే పని ఆమెకేమీ లేదు. పలకరింపు రాలేదు. అయినా దారి మార్చుకోలేదు. దీపావళికి ముందు ఒకనాడు బసలింగమ్మ తలుపులోంచే "భుజం ఎలా ఉంది?" అని అడిగింది. "ఉంది" అంది నీలవ్వ. అంతకంటే వాళ్లేం మాట్లాడుకోలేదు.

దీపావళికి కొత్త రాళ్లు వచ్చాయి. మొదటి రోజు వరసలో నీలవ్వ రెండు సేర్ల జొన్నల డబ్బాతో నిలబడింది. ముందుకు రమ్మని అందరూ జరిగితే జరగనివ్వలేదు. ఆమె వంతు వచ్చాక ఖైరున్‌బీ తొట్టిలో పోసి, పిండి జారే చోట అరచెయ్యి పెట్టింది, అచ్చం నీలవ్వలాగే. నీలవ్వ చిటికెడు తీసుకుని బొటనవేలితో రాసి, నాలుక మీద వేసుకుని, చాలాసేపు నమిలింది.

"నా పిండి కాదిది" అంది.

"నాది" అంది ఖైరున్‌బీ. "ఎలా ఉంది?"

"పాడైతే గంజి కాచుకుందామనుకున్నాను. అక్కర్లేదు."

కూలి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లబోతూ వసారా మూల ఆగింది. అక్కడ పాత రాయి గోడకు ఆనించి ఉంది.

"దాన్నేం చేస్తావు?"

"ఏముంది, పడుంది. నీకు కావాలా? తీసుకెళ్లు. పంపు దగ్గర కూర్చోడానికి పనికొస్తుంది."

"ఎంత?"

"రాయికి ధరేంటి నీలక్కా! నీకు తోచినంత..." ఖైరున్‌బీ నాలుక కరుచుకుంది.

నీలవ్వ డబ్బా కింద పెట్టి ఓణి దాటి, తన ఇంట్లోంచి రెండు పీటలూ ఒకటే చంకలో పెట్టుకుని తెచ్చింది. అట్టముక్క దారిలో పడిపోతే వరసలో ఉన్న నేను తీసి ఇచ్చాను. ఈసారి అమ్మేది ఖైరున్‌బీ, కొనేది నీలవ్వ. పీటలు మార్చుకున్నాక ఖైరున్‌బీ చిన్న పీట మీద కూర్చుంది, లోపాలు చెప్పాల్సింది ఆమె.

"బీట ఉంది" అంది ఖైరున్‌బీ.

"ఇంకా?"

ఖైరున్‌బీ రాయి వైపు చూసింది. గాట్ల మీద గాట్లు పడి, మధ్యలో అరిగి గుంటలా ఉంది. నలభై ఏళ్లు తను తిన్నదీ, అమ్మిందీ అంతా దాని మీంచి జారిందే.

"అంతే. ఒక్క బీటే."

"సరే" అంది నీలవ్వ, పెద్ద పీట మీద సర్దుకుని కూర్చుంటూ. ఇక ఆ రాయి మంచి అంతా ఆమె చెప్పాలి. నోరు తెరిచింది. మళ్లీ మూసింది. వరస కదలడం లేదని వెనక నుంచి ఎవరో గొణిగారు. "ఆగండే" అంది ఖైరున్‌బీ వాళ్లతో, మోటారు ఆపేస్తూ. "ఆమెకు కాస్త టైం పడుతుంది."